విడాకుల కాగితం లేని ఇళ్లు

ఆదోని ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేసిన పదకొండేళ్లూ ప్రతి జూన్‌లో అడ్మిషన్ రిజిస్టరు రాయడం నా వంతుకే వచ్చేది. తండ్రి పేరు, తల్లి పేరు, వృత్తి, చిరునామా నింపడానికి రెండు నిమిషాలు చాలునని మొదట్లో అనుకునేవాణ్ణి. తండ్రి వృత్తి అడిగేసరికి పిల్లవాడు పక్కనున్న అవ్వ ముఖం చూసేవాడు; ఆవిడ "కూలి అని రాసుకో సార్" అనేది; ఆ మనిషి ఊళ్లో కనిపించి నాలుగేళ్లయిందని వెనక వరసలోనివారు తగ్గుగొంతుతో చెప్పేవారు. అయినా రిజిస్టరులో కూలి అనే రాసేవాణ్ణి, ఎందుకంటే వదిలివెళ్లిన తండ్రికి అందులో వేరే గడి లేదు.

పడమటి అలవాట్ల వల్లా, ఆడపిల్లల చదువుల వల్లా విడాకులు పెరిగిపోతున్నాయని వ్యాసాలు తరచుగా వస్తుంటాయి. నాకు తెలిసిన ఊళ్లలో కోర్టుకు వెళ్లి విడాకులు తెచ్చుకున్న జంట ఒక్కటీ లేదు గాని, విడిపోయిన జంటలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద విడాకులు పొందినవారు సుమారు 13.6 లక్షలు కాగా, విడాకులు లేకుండానే వేరుగా బతుకుతున్నవారు దాదాపు అంతకు రెండున్నర రెట్లు. చర్చ అంతా మొదటి అంకె మీద జరుగుతుంది. నా తరగతి గదిలోని పిల్లలు రెండో అంకెకు చెందినవారు.

కూలిపని చేసుకునే కులాల్లో విడిపోవడం కొత్త సంగతేమీ కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా 29వ సెక్షన్‌లో ఆచారం ప్రకారం జరిగే విడాకులను అలాగే ఉంచింది. పెద్దమనుషులు కూర్చుని, ఇచ్చిపుచ్చుకున్నవి తేల్చి, తెగతెంపులు చేసేవారు. ఆమె మారుమనువు పోయేది. ఆ పంచాయితీలను నేను పొగడడం లేదు, తప్పు చాలావరకు ఆడమనిషి మీదే పడేది. అయితే రెండు వైపులా పూచీ పడ్డ మనుషులు ఉండేవారు, మగవాడు ఊరు దాటిపోయినా వాడి అన్నదమ్ములను నిలదీయగలిగేవారు. మేనరికాల్లో ఆ కట్టు ఇంకా గట్టిది, తండ్రి తల్లే పిల్లవాడి తల్లికి మేనత్త అయినప్పుడు వాణ్ణి పరాయివాడిగా వదిలేయడం అంత సులభం కాదు. మేనరికాల వల్ల పుట్టే పిల్లలకు వచ్చే జబ్బులు తెలిసినవాణ్ణి కాబట్టి అవి తగ్గినందుకు నాకు విచారం లేదు, కాని వాటితోపాటు పోయిన ఆ పూచీ స్థానంలో మరొకటి వచ్చి చేరలేదు.

మా వైపు దీనికి సుగ్గి తోడవుతుంది. వానల మీద ఆధారపడ్డ చేలలో పంట చేతికందకపోతే, దీపావళి దాటాక కోసిగి, మంత్రాలయం, ఆదోని మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఇళ్లకు తాళాలు వేసి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్లిపోతాయి. వలస పోవడమని బయటివారు అంటారు, మావాళ్లు సుగ్గికి పోవడమంటారు. అవ్వలు ఉన్న పిల్లలు ఊళ్లో మిగులుతారు, కొందరు సీజనల్ హాస్టళ్లలో చేరతారు, మిగిలినవారు తల్లిదండ్రుల వెంట నడుస్తారు. ఏడాదిలో సగం వేరే జిల్లాలో గడిపే సంసారాలు ఎక్కడ, ఏ రోజు తెగిపోయాయో ఊరికి కూడా తెలియదు. బెంగళూరులో బేల్దారి పనికని వెళ్లిన మనిషి మొదట నెలనెలా డబ్బు పంపుతాడు, తర్వాత పండక్కి పంపుతాడు, ఆ తర్వాత ఫోను నంబరు మారుస్తాడు.

అప్పుడు ఆ ఇంట్లో పోయేది ప్రేమ ఒక్కటే కాదు, రెండు చేతులు పోతాయి. కూలీలను సుగ్గికి తీసుకెళ్లే మేస్త్రి దగ్గర ఇద్దరూ కలిసి తీసుకున్న అడ్వాన్సును ఇక ఒక్కతే తీర్చాలి. కాయ కోసినంతకే కూలి కాబట్టి ఆ ఖాళీలోకి మరో జత చేతులు రావాలి, అవి ఎనిమిదో తరగతి చదివే పెద్దకూతురివే అవుతాయి. కొడుకును బడిలో ఉంచి కూతుర్ని చేనికి తీసుకెళ్లిన తల్లులు నాకు ఎందరో తెలుసు. వారిని కోప్పడే హక్కు నాకుందని ఎప్పుడూ అనిపించలేదు. రెండు సుగ్గులయ్యాక ఆ అమ్మాయికి పెళ్లి చేసేస్తారు. మగదిక్కు లేని ఇంట్లో ఎదిగిన పిల్లను ఎలా కాపాడుకోవాలన్న భయం అలా చేయిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పినప్పుడు ఆ అంకె చాలామందిని ఆశ్చర్యపరిచింది, మా స్టాఫ్‌రూమ్‌లో మాత్రం ఎవరూ ఆశ్చర్యపోలేదు.

తండ్రి వెళ్లిపోయాక కోలుకున్న పిల్లలూ ఉన్నారని ఇక్కడే చెప్పాలి. తాగి కొట్టే తండ్రి ఇల్లు వదిలాక ఒక పిల్లవాడి హాజరు ఒక్కసారిగా మెరుగుపడింది. నిద్ర చాలుతోందని తానే చెప్పాడు. కాబట్టి సంసారం నిలబడితే చాలు, పిల్లలు బాగుంటారనేవారితో నేను ఏకీభవించను.

చట్టం లేకపోలేదు. మనోవర్తికి ఇదివరకు నేర ప్రక్రియా స్మృతిలో 125వ సెక్షన్ ఉండేది, 2024 జూలై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. 2001 వరకు నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించడానికి వీల్లేని ఈ చట్టంలో ఆ పరిమితిని తొలగించారు. మధ్యంతర మనోవర్తిని వీలైనంతవరకు అరవై రోజుల్లో తేల్చాలన్నారు. ఒంట్లో శక్తి ఉన్న భర్త కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది. కాని సమన్లు అందించడానికి చిరునామా కావాలి. ఒక తల్లి మూడు వాయిదాలకు మూడు రోజుల కూలి పోగొట్టుకుని, "యాడుండాడో తెలిస్తే నేనే పోయి తెచ్చుకుందును గదా సార్" అని కేసు వదిలేసింది.

ఆమె కూతురికే మిషన్ వాత్సల్య కింద దరఖాస్తు పెట్టించాను. విడాకులు పొందిన, లేదా కుటుంబమే వదిలేయగా మిగిలిన తల్లుల పిల్లలకు నెలకు 4,000 రూపాయలిచ్చే పథకం అది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 మించకూడదు. ఆదాయం నిరూపించడం కష్టం కాలేదు. భర్త వదిలేశాడనడానికి రుజువేమిటని దరఖాస్తు ఒకసారి వెనక్కి వచ్చింది. వదిలేసి వెళ్లేవాడు సంతకం పెట్టి వెళ్లడు కదా. సర్పంచి చేత ఒకటి, నేను ఒకటి రాసి మళ్లీ పంపాం. అది తేలకముందే నేను రిటైరయ్యాను.

ఆ ఏడాది తల్లి సుగ్గికి వెళ్లగా ఆ అమ్మాయి హాస్టల్లో ఉండి పదో తరగతి పరీక్షలకు కూర్చుంది. అంతకుముందు పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా అయిన నామినల్ రోల్ సరిచూసుకుని సంతకం పెట్టమని పిల్లలను పిలిచినప్పుడు, తండ్రి పేరు దగ్గర ఆమె వేలు ఆగింది. ఆ పేరు తీసేయమని అడుగుతుందేమో, కుదరదని ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. "మా నాయన పేరులో ఒక అక్షరం తప్పు పడింది సార్, దిద్దండి" అంది.