నీళ్లు గడ్డకట్టని ఊళ్లో ఐస్ హాకీ

వాంకూవర్ నుంచి విక్టోరియా వెళ్లాలంటే సముద్రం దాటాలి. ఓడలో గంటన్నర పైనే పడుతుంది. దీవుల మధ్య ఇరుకుగా ఉండే యాక్టివ్ పాస్ రాగానే జనమంతా డెక్ మీదికి చేరారు. జనవరి నెల, సన్నగా వాన. కెనడా అంటే మోకాళ్ల లోతు మంచు ఉంటుందనుకుని బయల్దేరిన మా అత్తయ్య, ఒడ్డు మీద పచ్చగడ్డి చూసి "ఇదేం చలికాలమే!" అంది.

విక్టోరియాలో నేను చూడాలనుకున్నది ఒకప్పటి ఐస్ హాకీ అరీనా ఉన్న చోటు. దాని కథంతా ఈ వాతావరణంలోనే ఉంది. ఇక్కడి చలికి చెరువులు ఆటకు పనికొచ్చేంత గట్టిగా గడ్డకట్టవు. అలాంటి ఊరికి ప్రొఫెషనల్ ఐస్ హాకీని తెచ్చిన మనిషి లెస్టర్ పాట్రిక్.

ఆయన క్యూబెక్‌లో పుట్టారు. డిఫెన్స్ ఆటగాడే అయినా, పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దొరికితే తనే ముందుకు దూసుకెళ్లేవారు. అప్పట్లో డిఫెన్స్‌వాళ్లు అలా ఆడేవారు కాదు. 1906లో ఆయన జట్టు మాంట్రియల్ వాండరర్స్, ఐస్ హాకీలో అతి పెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ కోసం ఆడిన మొదటి మ్యాచ్‌లో ఒట్టావాను 9-1తో చిత్తు చేసింది. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి ఎవరివి ఎక్కువైతే వాళ్లదే కప్. రెండో మ్యాచ్‌లో ఒట్టావా ఆ ఎనిమిది గోల్స్ తేడానూ చెరిపేసింది. అంత టెన్షన్‌లో చివరి రెండు గోల్స్ కొట్టి కప్ గెలిపించింది లెస్టరే.

తర్వాత వాళ్ల నాన్న కలప వ్యాపారం అమ్మేశారు. ఆ డబ్బుతో లెస్టర్, తమ్ముడు ఫ్రాంక్ 1911లో సొంత లీగ్ పెట్టి, యంత్రాలతో ఐస్ తయారుచేసే అరీనాలు వాంకూవర్‌లోనూ విక్టోరియాలోనూ కట్టారు. కెనడాలో అలాంటివి అవే మొదటివి. ఇంటిల్లిపాది ఆస్తినీ ఆట మీద పెట్టడమంటే మాటలా! ఐస్‌ను మూడు భాగాలుగా విడదీసే బ్లూ లైన్లు, ముందుకు పాస్ ఇవ్వడం, పెనాల్టీ షాట్ ఆ లీగ్‌లోనే మొదలయ్యాయి.

విక్టోరియా అరీనా ఉండేది ఆ ఊరిని ఆనుకుని ఉన్న ఓక్ బేలో, కాడ్‌బరో బే రోడ్డు పక్కన. 1912 జనవరి 2న లీగ్ మొదటి మ్యాచ్ అక్కడే జరిగింది. భవనం 1929లో కాలిపోయింది. ఇప్పుడది మామూలు ఇళ్ల వీధి. వానలో గొడుగు పట్టుకుని ఆ వీధంతా నడిచాను. లెస్టర్ నడిపిన విక్టోరియా కూగర్స్ 1925లో మాంట్రియల్ కెనేడియన్స్‌ను ఓడించి స్టాన్లీ కప్ గెలిచింది. ఎన్‌హెచ్‌ఎల్‌ (నేషనల్ హాకీ లీగ్)కు బయటి జట్టు కప్ గెలవడం అదే ఆఖరు. మరుసటి ఏడాదే తూర్పున ఉన్న ఎన్‌హెచ్‌ఎల్ జట్ల జీతాలతో పోటీపడలేక అన్నదమ్ములు ఆటగాళ్లను అమ్మేయాల్సి వచ్చింది. లెస్టర్ న్యూయార్క్ రేంజర్స్‌కు కోచ్‌గా వెళ్లారు.

ఆయన పేరెత్తితే అందరూ 1928 ఫైనల్స్ కథే చెబుతారు. రేంజర్స్ గోలీ (గోల్‌కు కాపలా కాసే ఆటగాడు) కంటికి పక్ తగిలింది. వేరే గోలీని తెచ్చుకోవడానికి ఎదుటి జట్టు ఒప్పుకోలేదు. 44 ఏళ్ల కోచ్ తనే ప్యాడ్లు కట్టుకుని గోల్‌లో నిలబడ్డారు. ఒక్క గోలే ఇచ్చారు, రేంజర్స్ ఓవర్‌టైమ్‌లో గెలిచింది. ఆ సిరీస్‌తో పాటు కప్పూ వాళ్లదే అయింది. గొప్ప సాహసమే. కానీ నా దృష్టిలో అంతకు మించిన తెగువ ఓక్ బేలో చూపించిందే.

తిరిగొచ్చాక వాంకూవర్ అరీనా స్థలమూ చూశాం. డెన్మన్ వీధి చివర, పదివేల మంది పట్టే ఆ భవనం 1936లో కాలిపోయింది. ఇప్పుడక్కడ డెవోనియన్ హార్బర్ పార్క్ ఉంది. దాని పక్కనే స్టాన్లీ పార్క్. కప్ ఇచ్చిన గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ పేరే ఆ పార్క్‌కీ పెట్టారు. అటు వెళ్లేవాళ్లు కాసేపు ఇక్కడా ఆగండి.