న్యమాటకు బస్సు ప్రయాణం: 1994 కన్నా ముందున్న చరిత్ర

ఆఫ్రికాలోని రువాండాకు వెళుతున్నానని చెప్పగానే మన వాళ్లందరూ మొదట అడిగింది గొరిల్లాల గురించే. అడవిలో వాటిని ఒక గంటసేపు చూడడానికి విదేశీయుడు కట్టవలసిన అనుమతి రుసుము మనిషికి 1500 డాలర్లు అని తెలిసిన తరువాత ఆ ముచ్చట నాలో దానంతటదే చల్లారింది. హోటలు వారు 1994 నరమేధ స్మారక చర్చి ఉన్న న్యమాట ఊరికి కారు మాట్లాడతామని చెప్పిన ధర కూడా అదే ధోరణిలో ఉండడంతో, రాజధాని కిగాలీలోని న్యాబుగోగో బస్టాండుకు వెళ్లి మామూలు జనం ఎక్కే బస్సే ఎక్కాను.

నగరం దాటిన కాసేపటికి వంతెన కింద న్యాబరోంగో నది కనిపించింది. మట్టిరంగు నీళ్లు, ఇరువైపులా గుబురుగా పెరిగిన జమ్ము. 1994లో హుటూ తెగ తీవ్రవాదులు టుట్సీ తెగవారి మీద జరిపిన నరమేధంలో ఇలాంటి నదులలో పారేసిన శవాలు కొట్టుకుపోయి విక్టోరియా సరస్సు దాకా చేరాయని చదివి ఉన్నందువల్ల నా కళ్లు అటే ఉండిపోయాయి గాని, బస్సులోని వారెవరూ తల తిప్పలేదు. నది అవతల మొదలయ్యేదే బుగెసెరా ప్రాంతం. ఒకప్పుడు ఇది త్సేత్సే ఈగలకు పేరుపడిన, మనుషులు ఉండడానికి జంకిన నేల. 1959లో టుట్సీల మీద మొదలైన హింసాకాండ తరువాత ఉత్తరాది టుట్సీ కుటుంబాలను ఇళ్లనుంచి వెళ్లగొట్టి, లారీలలో తెచ్చి ఇక్కడ దింపారు. అంటే న్యమాట జనం 1994 నాటికే ఒకసారి నిర్వాసితులైనవారు, వారి పిల్లలు.

న్యమాట చర్చి ఇటుకలతో కట్టిన సాదాసీదా కట్టడం. లోపల ఫోటోలు తీయనివ్వరు, తీయాలని నాకూ అనిపించలేదు. 1994 ఏప్రిల్ మధ్యలో ఈ చర్చిలోనూ దాని ఆవరణలోనూ సుమారు 10,000 మందిని చంపారు. ఇనుప తలుపును గ్రెనేడ్లతో పగలగొట్టి లోనికి వచ్చారట. రేకుల కప్పుకు పడిన చిల్లులలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా బల్లల మీద పడుతున్నది. ఆ బల్లలనిండా చనిపోయినవారి బట్టలు, మట్టిరంగుకు తిరిగిపోయిన చొక్కాలు, గౌనులు, పసిపిల్లల స్వెటర్లు కుప్పలుగా ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్లలో దొరికిన అవశేషాలను కూడా తెచ్చి ఖననం చేయడంతో ఇప్పుడు ఈ ఆవరణలో ఉన్నవారి సంఖ్య 45,000 దాటింది.

నాతోపాటు లోపలికి వచ్చిన ఒక విదేశీ పర్యాటకుడు, నిన్నటి దాకా కలిసి మెలిసి బతికిన ఇరుగుపొరుగు ఒక్క రాత్రిలో ఇంత పిచ్చివాళ్లు ఎలా అయ్యారని అడిగాడు. ప్రశ్నలో దయ ఉన్నా ఎందుకో నాకు చిరాకు వేసింది. మాకు దారి చూపుతున్న నడివయస్కుడు జవాబు చెప్పకుండా మమ్మల్ని బయట ఉన్న ఒక సమాధి దగ్గరకు తీసుకుపోయాడు. అది ఆంటోనియా లోకాటెల్లిది. ఇటలీ నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడే సేవ చేసిన ఈమె చనిపోయింది 1994లో కాదు, 1992 మార్చిలో.

ఆ నెల మొదట్లో ప్రభుత్వ రేడియో, టుట్సీలు హుటూ నాయకులను చంపడానికి కుట్ర పన్నారన్న తప్పుడు వార్తను పదే పదే చదివింది. వెంటనే బుగెసెరాలో హత్యలు, గృహదహనాలు మొదలయ్యాయి. వందల మంది చనిపోగా, వేలాదిమంది ఇదే చర్చిలోకి పరుగెత్తి తలదాచుకున్నారు. ఇది జనాగ్రహం కాదు, పై నుంచి నడిపిస్తున్న పని అని లోకాటెల్లి విదేశీ రేడియోలకు ఫోనులో చెప్పింది. తరువాత ఆమెను కాల్చి చంపారు. ఆనాడు చర్చిలోకి చేరినవారు మాత్రం బతికారు. రెండేళ్ల తరువాత మళ్లీ కత్తులు లేచినప్పుడు జనం వెతుక్కుంటూ ఇక్కడికే రావడానికి కారణం అదేనని మా మార్గదర్శకుడు చెప్పాడు. ఈసారి చంపేవారికి కూడా వాళ్లు ఎక్కడ దొరుకుతారో తెలుసు.

ఎవరు ఏ తెగవారో 1930లలో బెల్జియం పాలకులు పెట్టిన గుర్తింపు కార్డే చెప్పేది. స్వతంత్రం వచ్చాక కూడా కార్డులో తెగ పేరు రాసే ఆ గడిని ఎవరూ కొట్టివేయలేదు. 1994లో రోడ్డు మీద అడ్డుకర్రల దగ్గర ఆ కార్డు చూసే మనిషి ఉండాలో పోవాలో తేల్చారు. మన రైళ్లలో ఎదుటి సీటాయన ఇంటిపేరు, ఊరు, చివరికి తాతగారి పేరు దాకా అడిగి మనం ఎవరమో తేల్చుకునే పద్ధతి అక్కడ గుర్తొచ్చింది, అది నాకు ఏమాత్రం బాగా అనిపించలేదు. ఇప్పటి రువాండా కార్డులలో తెగ పేరు లేదు.

1992 నాటి దారుణానికి చెప్పుకోదగ్గ శిక్ష ఎవరికీ పడలేదు. అప్పుడు ప్రభుత్వ ప్రసారాలకు అధిపతిగా ఉన్న ఫెర్డినాండ్ నహిమానాను ఆ పదవి నుంచి తప్పించారు. అంతే. చరిత్ర ఆచార్యుడైన ఆయనే మరుసటి సంవత్సరం ఆర్‌టీఎల్‌ఎం రేడియో స్థాపకులలో ఒకడయ్యాడు. టుట్సీలను బొద్దింకలని పిలుస్తూ, 1994లో ఎవరెక్కడ దాక్కున్నారో కూడా చెప్పిన రేడియో అది. టాంజానియాలోని అరూషాలో రువాండా నరమేధ నేరాలను విచారించిన అంతర్జాతీయ న్యాయస్థానం ఆయనకు 2003లో యావజ్జీవం విధించింది, 2007లో అప్పీలు మీద దానిని 30 ఏళ్లకు తగ్గించింది. 2016లో గడువుకు ముందే విడుదల చేశారు.

ఈ చివరి సంగతి నేను తిరుగు బస్సు కోసం నిలబడి ఫోనులో చదివి, అటుగా ఇంటికి వెళుతున్న ఆ మార్గదర్శకుణ్ణి ఆపి అడిగాను. తనకు తెలుసునన్నాడు. సందర్శకులకు ఎందుకు చెప్పరంటే, వచ్చేవారు 1992 గురించే అడగరు, ఇక 2016 దాకా ఎవరు వస్తారు అన్నాడు.