మెడ నలుపు, మంగు మచ్చ, పెళ్ళికళ: స్కిన్ పనిలోకి దిగేవాళ్ళకి

"ఏవండీ, ముఖం సంగతి తర్వాత చూద్దాం గానీ, ఈ మెడ మీద నలుపొక్కటి పోగొట్టండి." భీమవరంలో పెట్టినా అమలాపురంలో పెట్టినా, పార్లర్ తెరిచిన నెల తిరక్కుండా ఈ మాట చెవిన పడుతుంది. ఆ మెడని మంచి వెలుతురులో దగ్గరగా చూడండి. రంగొక్కటే మారిందా, లేక చర్మం మందంగా, గీతలు గీతలుగా, వేలితో రాస్తే మఖమల్ గుడ్డలా తగులుతోందా? చంకల్లోనూ అదే నలుపుందా? చిన్న చిన్న పులిపిర్లు వేలాడుతున్నాయా? ఉంటే అది మట్టీ కాదు, ట్యానూ కాదు. డాక్టర్లు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యనప్పుడు, ఒళ్ళొచ్చినప్పుడు, పీసీఓడీ అనే అండాశయాల సమస్య ఉన్నప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. స్క్రబ్ పెట్టి తోమితే రాపిడికి ఇంకా నల్లబడుతుంది. బ్లీచ్ వేస్తే నూగు వెంట్రుకల రంగు తగ్గి నాలుగు రోజులు తేడా కనబడుతుంది, అంతే. "ఓసారి షుగర్ చూపించుకోండమ్మా" అని పంపెయ్యడమే అక్కడ చెయ్యాల్సిన పని. ఆ పూట మెడ పాలిషింగ్ డబ్బులు పోతాయి. రిపోర్టులో షుగర్ బయటపడితే మాత్రం ఆవిడ వాళ్ళ అమ్మాయిని, తోడికోడల్ని వెంటబెట్టుకుని మీ దగ్గరికే వస్తుంది.

ఏ చర్మం మీద చెయ్యి వెయ్యకూడదో తెలిసిన మనిషికే ఈ పనిలో పదేళ్ళు గడుస్తాయి. ఫేషియల్ స్టెప్పులు ఎవరైనా ఆర్నెల్లలో నేర్చుకోగలరు.

మన వైపు బ్యూటీషియన్ అంటే ఐబ్రోస్ నుంచి పెళ్ళికూతురి పూలజడ దాకా అన్నీ చేసే మనిషి. ఎస్తటీషియన్ లేదా స్కిన్ థెరపిస్ట్ పని చర్మం వరకే: చూసి చెప్పడం, శుభ్రం చెయ్యడం, ఫేషియల్, వాక్సింగ్, పైపై పీల్స్ (యాసిడ్ రాసి చర్మం పై పొర ఊడదియ్యడం), ఇంట్లో ఏం రాసుకోవాలో చెప్పడం. ఇంజెక్షన్లు, ఫిల్లర్లు, లేజర్లు, లోతు పీల్స్ డాక్టర్ల పని. ఈ గీత దాటించే రెండ్రోజుల కోర్సులు ఊరూరా దొరుకుతున్నాయి. గోడకి తగిలించుకోడానికి తప్ప ఆ సర్టిఫికెట్ ఎందుకూ కొరగాదు.

నేర్చుకోడానికి ఐటీఐల్లో కాస్మెటాలజీ ట్రేడు ఏడాది కోర్సుంది. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ళ అసిస్టెంట్ బ్యూటీ థెరపిస్ట్, దాని పైన బ్యూటీ థెరపిస్ట్ సర్టిఫికెట్లున్నాయి. విదేశాలకి వెళ్ళే ఆలోచన ఉంటే 1946లో మొదలైన సిడెస్కో అనే అంతర్జాతీయ సంస్థ డిప్లొమాకి పేరుంది, ఖర్చు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఎక్కడ చేరినా డబ్బు కట్టే ముందు ఒకటే అడగండి: కోర్సు అయ్యేలోపు నా చేత్తో ఎన్ని ముఖాలు చేయిస్తారు? బొమ్మ తల మీద, పక్కన కూర్చున్న క్లాస్‌మేట్ మీద చేసినవి లెక్కలోకి రావు. మొటిమలున్న ముఖం, మంగున్న ముఖం, అరవై దాటిన ముఖం, మగవాళ్ళ ముఖం అన్నీ చేతి కింద నుంచి వెళ్ళాలి. ఆ తర్వాత రాజమండ్రిలోనో కాకినాడలోనో ఓ స్కిన్ డాక్టర్ క్లినిక్‌లో ఏడాది పనిచేస్తే కళ్ళు తెరుచుకుంటాయి. జీతం తక్కువే. అయినా తామర, శోభి, బొల్లి, ఎగ్జిమా పక్కపక్కనే కనిపించేది అక్కడే. ముఖ్యంగా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ చూస్తే గుర్తుపట్టి, ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి పంపడం రావాలి. అది కుష్టు కావచ్చు. మందులతో పూర్తిగా నయమవుతుంది, ఎంత తొందరగా పంపితే అంత మంచిది.

గది 10 అడుగులకి 10 చాలు. మంచం ఎత్తు మీరు స్టూలు మీద కూర్చున్నప్పుడు నడుం వంగకుండా, భుజాలు లేవకుండా ఉండేలా చూసుకోండి. ఇక్కడ తప్పితే రెండేళ్ళలో నడుం, మెడ పట్టేస్తాయి. భూతద్దం లైటు 5 డయాప్టర్ది (అద్దం పవరు లెక్క అది) తీసుకోండి, 3 డయాప్టర్దానిలో చిన్న బ్లాక్‌హెడ్స్ ఆనవు. స్టీమర్ ఒక్కటే 700, 800 వాట్లు లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద స్టీమరూ, టవల్ వార్మరూ కలిపి వేస్తే సరిగ్గా మాస్క్ వేసిన టైముకి ట్రిప్ అవుతుంది. మరో తంటా నీళ్ళతో. డెల్టా చివర ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అవి స్టీమర్‌లో పోస్తే లోపల తెల్లటి పొర కడుతుంది, ఆవిరితో పాటు వేడి నీటి చుక్కలు ముఖం మీదకి చిమ్ముతాయి. గీత దాటి నీళ్ళు పోసినా, నీళ్ళలో సువాసన నూనె కలిపినా అంతే. డిస్టిల్డ్ వాటర్ వాడండి. మొదటి రెండు నిమిషాలు స్టీమర్ మూతిని గోడ వైపు తిప్పి, ఆవిరి నిలకడగా వచ్చాకే ముఖం వైపు తిప్పండి.

ఇక ఫేషియల్. క్లెన్సింగ్ రెండుసార్లు చెయ్యాలి, ఒక్కోసారికి 3, 4 మిల్లీలీటర్లు. మొదటిది పౌడరూ, సన్‌స్క్రీనూ, చెమట జిడ్డూ తీస్తుంది, రెండోదే చర్మాన్ని శుభ్రం చేస్తుంది. మన దగ్గర నుదుటి అంచున, కణతల మీద వచ్చే సన్నటి గింజల్లో చాలావరకు తలకి పట్టించిన కొబ్బరినూనె దిగి వచ్చినవే. కోనసీమలో కొబ్బరినూనె మానెయ్యమంటే ఎవరూ వినరు. రాత్రి పెట్టుకుని పొద్దున తలస్నానం చెయ్యమని, పడుకునేటప్పుడు నుదుటికి తగలకుండా గుడ్డ కట్టుకోమని చెబితే వింటారు. స్క్రబ్ 5 గ్రాములు, రెండు నిమిషాలు, వేళ్ళ బరువు తప్ప వత్తిడి ఉండకూడదు. మొటిమలున్న చోట, మంగున్న చోట స్క్రబ్బే వద్దు.

ఆవిరి 5 నుంచి 7 నిమిషాలు, ముఖానికి అడుగు పైన దూరంలో. మంగున్న ముఖానికి వేడి పడదు, దానికి ఆవిరి మానేసి తడి టవలు వెయ్యండి. తర్వాత బ్లాక్‌హెడ్స్ తియ్యడం, ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. చూపుడు వేళ్ళకి టిష్యూ చుట్టుకుని, రంధ్రానికి అటూ ఇటూ పెట్టి, ముందు కిందకి నొక్కి ఆ తర్వాత దగ్గరికి తేవాలి. చాలామంది కిందకి నొక్కకుండా పైపైన పిండుతారు. లోపలి గోడ చిట్లి, ఉన్నది లోపలికే పోయి, మూడో రోజుకి వాపు వస్తుంది. మూడుసార్లకి రాకపోతే వదిలెయ్యండి, వచ్చే నెల వస్తుంది. మొత్తం పది నిమిషాలు మించొద్దు. చీము పట్టినవి, లోపల గడ్డలా ఉన్నవి ముట్టుకోవద్దు. తెల్ల చర్మం మీద గోటి గాటు ఎర్రగా కనబడి మాయమైపోతుంది, మన చర్మం మీద అదే గాటు నల్లమచ్చై నెలల తరబడి ఉంటుంది. పరాయి దేశపు వీడియోలు చూసి నేర్చుకున్న చేతులకి ఈ తేడా తెలియదు.

మసాజ్ క్రీము 8, 10 గ్రాములు, 15 నిమిషాలు. వేళ్ళు జారుతూ ఉండాలి, చర్మాన్ని లాగకూడదు. క్రీము ఆరిపోతే ఇంకాస్త వెయ్యండి, నీళ్ళ చుక్కలతో సర్దుకోవద్దు. మొటిమల ముఖానికి మసాజ్ వద్దు. మాస్కు 15 గ్రాములు, పది పదిహేను నిమిషాలు. మట్టి మాస్కు పూర్తిగా ఎండి బీటలు వారకముందే తియ్యాలి. చివర సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ పొడుగునా పిండి, ముఖానికీ మెడకీ కలిపి. నాట్లకో చెరువు గట్ల మీదకో వెళ్ళేవాళ్ళకి, స్కూటీ మీద తిరిగేవాళ్ళకి రెండు గంటలకోసారి మళ్ళీ రాయమని చెప్పాలి. చెప్పినా సగం మంది రాయరు. కొంగో చున్నీయో ముఖానికి కప్పుకోమనండి, అది చేస్తారు. మంగున్నవాళ్ళకి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ మేలు, మామూలు వెలుతురు వల్ల వచ్చే నలుపుని కూడా అది కొంత ఆపుతుంది.

శుభ్రత విషయంలో ఒక భ్రమ బాగా నాటుకుపోయింది. నీలం లైటు వెలిగే యూవీ పెట్టె స్టెరిలైజ్ చెయ్యదు. శుభ్రం చేసిన సామాను దాచుకోడానికి మాత్రమే పనికొస్తుంది. బ్లాక్‌హెడ్ సూది, ట్వీజర్ ముందు సబ్బుతో తోమి కడిగి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. ఆటోక్లేవ్ కొనే స్తోమత వచ్చేదాకా ప్రెషర్ కుక్కర్ ఆ పని చేస్తుంది. ఆవిరి ధారగా వచ్చి లోపలి గాలంతా పోయాక వెయిట్ పెట్టి, విజిల్ వచ్చాక మంట తగ్గించి 20 నిమిషాలు లెక్కపెట్టుకోవాలి. ఆ కుక్కర్‌లో మళ్ళీ పప్పు వండకండి. స్పిరిట్ 70 శాతానిది కొనండి. 99 శాతానిది తొందరగా ఆరిపోతుంది, క్రిములని చంపడానికి అందులో కాస్త నీరుండాలి. వాక్స్ పుల్లని చర్మానికి తగిలించాక మళ్ళీ డబ్బాలో ముంచకూడదు. త్రెడింగ్ దారం పళ్ళతో పట్టుకునే అలవాటు మానుకుని మెడకి ఉచ్చులా వేసుకోండి. మనిషికో దారం.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది క్రీముల దగ్గర. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు, ఎవరో ఫోన్లో అమ్మిన పేరు లేని డబ్బా, రెండు మూడు కలిపి కొట్టిన మిక్స్ క్రీము, ఏదో ఒకటి ప్రతి రెండో ఇంట్లోనూ ఉందనే అనుకుని మొదలెట్టండి. మొదటి పది రోజులు ముఖం తెల్లగా మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్ర నరాలు కనిపిస్తాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, మొటిమలొస్తాయి, ఒక్కరోజు రాయకపోతే మంట. ట్యూబు తెమ్మని వెనకాల చదవండి: బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే స్టెరాయిడ్. 2018లో ఇలాంటివి చాలావాటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. అయినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి. తామర మీద ఇది రాస్తే దురద తగ్గి, మచ్చ రూపు మారి, లోపల్లోపల పాకుతుంది. ఈ ముఖాలకి ఫేషియల్, బ్లీచ్, పీల్ ఏదీ వద్దు. ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలి. కాకినాడ జీజీహెచ్‌లో, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, చర్మవ్యాధుల విభాగం ఉంది, డబ్బుల్లేవన్నవాళ్ళని అక్కడికి పంపండి. లేబుల్ మీద తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు లేని క్రీముని మీ అల్మరాలోకి రానివ్వకండి. పాదరసం కలిపిన క్రీముల తయారీని 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ నిషేధించాయి. ఊరూ పేరూ లేని డబ్బాలో ఏముందో మీకెలా తెలుస్తుంది?

పీల్స్ మొదలెట్టేవాళ్ళు మాండెలిక్ యాసిడ్‌తో, డాక్టర్ పర్యవేక్షణలో మొదలెట్టండి. దాని అణుభారం 152, ఎక్కువమంది వాడే గ్లైకాలిక్ యాసిడ్‌ది 76. పెద్ద అణువు కాబట్టి నెమ్మదిగా దిగుతుంది, మన రంగుకి కాస్త వెసులుబాటిస్తుంది. చెవి వెనక రాసి 48 గంటలు చూడండి. వారంలోపు వాక్సింగ్, బ్లీచ్ చేయించుకున్నవాళ్ళకీ, రెటినాల్ క్రీము రాస్తున్నవాళ్ళకీ, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగుతున్నవాళ్ళకీ వెయ్యకూడదు.

పెళ్ళిళ్ళ పని ఈ ఊళ్ళలో సగం ఆదాయం అనుకోవచ్చు, తిట్లు కూడా అక్కడే ఎక్కువ. ముహూర్తానికి రెండ్రోజుల ముందు తల్లి పిల్లని తీసుకొచ్చి "కాస్త రంగు తేలేలా చెయ్యండమ్మా" అంటుంది. అప్పుడు చెయ్యగలిగింది ఓ మెత్తటి క్లీనప్, అంతే. మూడు నెలల ముందొస్తే మంగుకీ మొటిమలకీ దారి ఉంటుంది. చివరి పీల్ పెళ్ళికి నాలుగు వారాల ముందే అయిపోవాలి. ఆఖరి ఫేషియల్ ఐదు రోజుల ముందు, వాక్సింగ్ మూడు రోజుల ముందు. ఆఖరి రెండు వారాల్లో కొత్త క్రీమేదీ ముఖానికి తగలకూడదు. నలుగు సంగతి ముందే అడగండి. పెళ్ళికూతుర్ని చేసే రోజున పెద్దవాళ్ళు సున్నిపిండి పెట్టి గట్టిగా రుద్దుతారు. ముందురోజు వాక్సింగ్ చేసిన చేతుల మీద అది పడితే పిల్ల ఏడుస్తూ పీటల మీద కూర్చుంటుంది. "పిన్నిగారూ, ముఖానికి ఊరికే తాకించండి, రుద్దకండి" అని ఇంటావిడతో నేరుగా మాట్లాడుకోండి. వేడుక ఎవరూ మానరు, మానమనక్కర్లేదు కూడా.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, పార్లర్లు ఈగలు తోలుకుంటాయంటారు. శ్రావణం పెళ్ళికూతుళ్ళకి చర్మం సర్దే నెల అదే. మబ్బు పట్టి, ఎండ తగ్గి, పీల్స్‌కి వైశాఖం కంటే ఎంతో నయం. జ్యేష్ఠంలోనే వాళ్ళ పేర్లు రాసిపెట్టుకోవాలి.

డబ్బు లెక్క మనసులో వేసుకోకుండా కాగితం మీద వెయ్యండి. ఉదాహరణకి ఫేషియల్ 1,000 రూపాయలనుకుందాం. సామాను 180, టిష్యూలూ ఉతుకూ 60. అద్దె 6,000, కరెంటు 3,000, నెలకి 60 సర్వీసులైతే తలా 150. మిగిలేది 610. సర్దుడుతో కలిపి గంటన్నర పని, అంటే గంటకి 400 పైచిలుకు. పక్క వీధిలో 600కి చేస్తున్నారని మీరూ తగ్గిస్తే మిగిలేది 210, గంటకి 140. ఖర్చు కదలదు, తగ్గిందంతా మీ చేతి కూలిలోంచే పోతుంది. ఆ లోటు పూడ్చుకోడానికి గుత్తకి వచ్చే నకిలీ ఫేషియల్ కిట్లు కొనడం మొదలయ్యేది ఇక్కడే. మొదటి పెట్టుబడికి కేంద్రం వాళ్ళ ముద్ర అప్పు పథకంలో శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు అప్పు దొరుకుతుంది. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గొడవ లేదు. దాటితే 2025 సెప్టెంబర్ 22 నుంచి బ్యూటీ సేవల మీద 5 శాతం.

ఇక కార్డు. ప్రతి మనిషికీ ఒకటి రాయండి: వాడే మాత్రలు, గర్భం, షుగర్, పాత ఎలర్జీ, ఇంట్లో రాసే క్రీములు, ఈ రోజు ఏం వేశాం, ఎన్ని నిమిషాలు, చర్మం ఏమంది. ఫొటో తీస్తే ఎప్పుడూ అదే కిటికీ దగ్గర, అదే టైముకి, ఆవిడ ఒప్పుకున్నాకే. నాలుగు వారాలకి ఆ కార్డు పైకి తీసి ఫోన్ చెయ్యండి: "అమ్మా, ఎడం బుగ్గ మీద మచ్చ ఎలా ఉందండీ?"