రేవులో ఫోను, ఇంట్లో ఫోను

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున మా చిన్నాన్న చేతిలో ఫోను అచ్చంగా ఒక పనిముట్టు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడతో పాటు తుఫాను హెచ్చరిక, వేలం ధర తెలిస్తే చాలు, తెర ఎంత అందంగా ఉందన్నది ఆయనకు అనవసరం. సాయంత్రం మనవరాలి వీడియో కాల్ వస్తే మాత్రం, నెట్‌వర్కు పదిసార్లు తెగినా విసుక్కోరు. (వల చిక్కుపడితే అంత ఓపిక ఉండదు.)

1989లో పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించిన నమూనాలో, సాంకేతికతను మనిషి స్వీకరించడానికి ఉపయోగపడుతుందన్న నమ్మకమూ, వాడడం సులువన్న నమ్మకమూ కీలకం. అది ఉద్యోగస్థలానికి సరిపోయింది. వినియోగదారుల కోసం 2012లో వచ్చిన యూటాట్-2 నమూనా ఆనందాన్ని, ధరను, అలవాటును కూడా చేర్చింది. మా ఆఫీసులో సందేశాల యాప్‌ను అందరమూ వాడుతున్నది, నా ఉద్దేశంలో, కేవలం పై అధికారి అందులో ఉన్నందువల్లనే. సెలవు రోజున దాన్ని తెరిచినవారిని నేనింకా చూడలేదు.