సజ్జ లేని కిటికీ

ఖమ్మంలో రిటైరైన మాస్టారు, వాళ్లావిడ 200 గజాల్లో ఇల్లు కట్టుకుంటున్నారు. ఇల్లు బయటినుంచి ఎలా ఉంటుందో చూపే ఎలివేషన్ బొమ్మ ఇవాళ చూపిస్తానని మాటిచ్చాను. స్కెచప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇంటి 3డి మోడల్ ఉంది కానీ, దాన్ని ఫోటోలాంటి బొమ్మగా మార్చడానికి వీరే అనే సాఫ్ట్‌వేర్‌లో రెండర్ పెట్టాలంటే మెటీరియల్సూ లైటింగూ సరిచేసుకుని రాత్రంతా సిస్టం వదిలేయాలి, అంత టైం లేదు. పొద్దున్నే మోడల్ స్క్రీన్‌షాట్‌ని బొమ్మలు వేసే ఏఐ స్టేబుల్ డిఫ్యూజన్‌కి ఇచ్చాను. 2022లో అది వచ్చిన కొత్తలో ఇల్లు అడిగితే ఏదో ఒక ఇల్లు ఇచ్చేది, మనది కాదు. మరుసటేడు దానికి తోడుగా కంట్రోల్‌నెట్ వచ్చాకే మనం గీసిన గీతల మీద బొమ్మ వేయడం మొదలైంది.

టిఫిన్ అయ్యేలోపు పన్నెండు బొమ్మలు వచ్చాయి. కాస్త చప్పగా అనిపించి కంట్రోల్‌నెట్ వెయిట్, అంటే మన గీతలకు బొమ్మ ఎంత కట్టుబడాలో చెప్పే అంకె, తగ్గించాను. అప్పుడొచ్చింది అసలు అందం, సాయంత్రపు ఎండ, తడి రోడ్డు, గేటు పక్కన నందివర్ధనం. మాస్టారు చూడగానే డల్లాస్‌లో ఉన్న కొడుక్కి వాట్సాప్ చేసేశారు.

అమ్మగారు మాత్రం కళ్లజోడు పెట్టుకుని, లాప్‌టాప్ దగ్గరకు లాక్కుని, దక్షిణం కిటికీ మీద వేలు పెట్టి అడిగారు. "బాబూ, దీనికి సజ్జ ఏదయ్యా? జల్లు కొడితే పరుపు తడిసిపోదూ?"

జూమ్ చేసి చూశాను. ప్లాన్‌లో రెండడుగులు ముందుకొచ్చే సజ్జ, బొమ్మలో కిటికీ పైన సన్నటి నల్ల గీత అయిపోయింది. పోర్టికో ఎడమ పిల్లర్ కూడా లేదు, స్లాబ్ గాల్లో వేలాడుతోంది. నాకు గుండె ఝల్లుమంది. ఇదే బొమ్మ మేస్త్రీ ఫోన్‌లోకి వెళ్తే, అతను దాన్నే చూసి కడతాడు, రేపు అడిగితే బొమ్మలో లేదుగా సార్ అంటాడు. ఖమ్మం ఎండలకు సజ్జ లేని గదిలో వాళ్లిద్దరూ ఈ వయసులో ఎలా పడుకుంటారు?

వాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇంటికొచ్చి వెయిట్ మళ్లీ పెంచి, సజ్జా పిల్లరూ ఉన్నచోట మాత్రం మళ్లీ వేయించి పంపాను. మాస్టారు, "మొదటిదే బాగుంది" అని మెసేజ్ పెట్టారు. పది నిమిషాలకి అమ్మగారి ఫోన్: "ఆయన మాట వదిలెయ్యి, రెండోదే ప్రింటు తీసి ఇవ్వు."

రేపు పొద్దున ప్రింటు మీద ప్రతి కిటికీ దగ్గరా ఎర్ర పెన్నుతో సజ్జ కొలత రాసి, మేస్త్రీ చేతికి నేనే ఇస్తాను.