గొలుసు ఊడితే ట్యాంకు లేదు

ట్యాంకు మాట వస్తే అందరూ ముందు ఫిరంగి ఎంతదని అడుగుతారు, తర్వాత ఉక్కు ఎంత మందమని అడుగుతారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1915లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో తొలి యంత్రం కట్టినవాళ్లకు ఈ రెండూ పెద్ద సమస్యలు కావు. ఫిరంగులు నౌకాదళం ఇచ్చింది. పై తొడుగుకు బాయిలర్ రేకు సరిపోయింది. ఇంజను భారీ ట్రాక్టర్‌లో వాడేదే. పని ఆగిపోయింది మాత్రం ట్రాక్ గొలుసు దగ్గర, అంటే చక్రాల చుట్టూ తిరుగుతూ బండిని నడిపే గొలుసు దగ్గర.

తడి ఆరని వరి మడిలోకి టైర్ల కోత మిషన్ దిగితే కూరుకుపోతుందని చైన్ మిషన్‌ను పిలుస్తారు. బరువు నాలుగు చోట్ల కాకుండా గొలుసు పొడవునా పడుతుంది కాబట్టి నేల తట్టుకుంటుంది. ఈ సంగతి 1915 నాటికి కొత్తదేమీ కాదు. అమెరికాలో హోల్ట్, బుల్లక్ కంపెనీలు గొలుసు ట్రాక్టర్లు అమ్ముతూనే ఉన్నాయి. కాకపోతే పొలం ట్రాక్టరుకు గట్టు దాటితే చాలు. యుద్ధరంగంలో నడిచేది 8 అడుగుల వెడల్పు కందకం దాటాలి, నాలుగున్నర అడుగుల మట్టిదిబ్బ ఎక్కాలి. పొలానికి సరిపోయిన గొలుసు అక్కడ చాలలేదు.

1915 ఫిబ్రవరిలో నౌకాదళ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ ‘ల్యాండ్‌షిప్స్ కమిటీ’ వేశాడు. అధ్యక్షుడు యూస్టేస్ టెన్నిసన్ డెయిన్‌కోర్ట్, యుద్ధనౌకల నిర్మాణ శాఖ అధిపతి. పని విలియం ఫోస్టర్ కంపెనీకి వచ్చింది. నూర్పిడి యంత్రాలు, భారీ ట్రాక్టర్లు చేసే కంపెనీ అది. దాన్ని నడిపే విలియం ట్రిటన్‌కూ, నౌకాదళం తరఫున వచ్చిన ఇంజనీరు వాల్టర్ విల్సన్‌కూ బాగా కుదిరింది. ఆగస్టు 11న పని మొదలుపెట్టి, సెప్టెంబర్ 9న బండిని కదిలించారు. నెల కూడా పట్టలేదు. దాని కిందున్నవి షికాగో నుంచి తెప్పించిన బుల్లక్ ట్రాకులు.

ఆ ట్రాకులతో వచ్చిన తంటా రెండు దశల్లో బయటపడింది. మొదట ట్రాక్ అడుగు భాగం చదునుగా ఉంది, పొడవంతా నేలను ఒరుసుకునేది. తిరగాలంటే ఆ పొడవునంతా పక్కకు ఈడ్చాలి, ఇంజను చాలేది కాదు. అందుకని మధ్య చక్రాలను కాస్త దించి అడుగును విల్లులా వంచారు. గట్టి నేల మీద మధ్య భాగమే ఆనడంతో బండి తేలిగ్గా తిరిగింది. కానీ కందకం దాటేటప్పుడు బండి కింద నేల ఉండదు. గొలుసును పైకి పట్టి ఉంచేది ఏదీ లేదు కాబట్టి తన బరువుకే అది కిందికి వేలాడింది. అవతలి గట్టు తగిలి మళ్లీ పైకి వచ్చేసరికి చక్రాలతో వరస కుదరక ఇరుక్కునేది, లేదా ఊడిపోయేది. గొలుసును ఎంత బిగించినా ఇది పోదు. వేలాడకుండా పట్టి ఉంచే ఏర్పాటు గొలుసు రూపంలోనే ఉండాలి.

బలాటా అనే చెట్టుపాలతో చేసే బెల్టును కూడా పరీక్షించారు, అది బల్ల మీదే తెగింది. అప్పుడు ట్రిటన్ చేసిన గొలుసే అసలైన మలుపు. సెప్టెంబర్ 22న లండన్‌కు తంతి వెళ్లింది: బలాటా పోయింది, ప్రెస్‌లో అచ్చొత్తిన పలకతో కొత్తది పుట్టింది అని.

ఆ గొలుసు కట్టుబడి ఇలా ఉంటుంది. అచ్చుపోసిన ఉక్కు లింకులను పిన్నులతో వరుసగా కలుపుతారు. ఒక్కో లింకుకు బయటివైపు, ప్రెస్‌లో వంచిన ఉక్కు పలకను రివెట్లతో బిగిస్తారు. నేలను తాకేది ఆ పలక. లింకుకు లోపలివైపు చిన్న అంచులు ఉంటాయి, అవి బండి పక్క చట్రానికి ఉన్న పట్టాలను పట్టుకుని జారుతాయి. కింద నేల ఉన్నా లేకపోయినా గొలుసు చట్రాన్ని వదలదు. రైలు చక్రపు అంచు పట్టాను వదలనట్టే ఇదీ. స్ప్రింగులు లేవు, రోలర్లను నేరుగా చట్రానికే బిగించారు. కుదుపంతా మనుషుల వెన్నుకు తగిలేది. అయితే గంటకు 2 మైళ్లు పోయే బండికి స్ప్రింగు కన్నా ఊడని గొలుసే ముఖ్యం. ట్రిటన్ సరైనదాన్నే ఎంచుకున్నాడు.

డిసెంబరులో కొత్త గొలుసు వేసుకుని బయటికి వచ్చిన ఆ బండే ‘లిటిల్ విల్లీ’. 105 హార్స్‌పవర్ డైమ్లర్ ఇంజను, సుమారు 16 టన్నుల బరువు. కందకం మాత్రం 5 అడుగులకు మించి దాటలేదు. ఈలోగా విల్సన్ మరో దారి పట్టాడు. గొలుసును బండి కింద కాకుండా చుట్టూ పై నుంచి తిప్పి, ముక్కును ఎత్తుగా లేపాడు. తలుపు పలకను ఏటవాలుగా లాగినట్టు కనిపించే ఆ ఆకారం అలా వచ్చింది. పెద్ద చక్రం అంచులోంచి ఒక ముక్క కోసి కింద పెట్టినట్టు ఉంటుంది అడుగు భాగం. గొలుసు పై నుంచి పోతోంది కాబట్టి టరెట్ (పైన తిరిగే ఫిరంగి గోపురం) పెడితే బండి మరీ ఎత్తయి తలకిందులయ్యే ప్రమాదం, అందుకే ఫిరంగులు పక్క గూళ్లలోకి వెళ్లాయి. ‘మదర్’ అని పిలిచిన ఆ బండిని 1916 జనవరి 29న, ఫిబ్రవరి 2న హ్యాట్‌ఫీల్డ్ పార్కులో పెద్దలకు చూపించారు. గొలుసు ఊడలేదు. ఆ నెలలోనే 100 బండ్లకు ఆర్డరు వచ్చింది, తర్వాత 150కి పెంచారు.

అలా వచ్చిన తొలి యుద్ధ ట్యాంకు మార్క్ 1 బరువు 28 టన్నులు. ట్రాక్ వెడల్పు 20.5 అంగుళాలు, ఒక్కో వైపు 90 పలకలు. పిన్నులకు రంధ్రాలు అరిగేకొద్దీ గొలుసు సాగుతుంది. సాగితే ముందున్న చక్రాన్ని బోల్టులతో ముందుకు జరిపి బిగిస్తారు. ఆ జరుపుడు అయిపోయాక ఒక లింకు తీసేస్తారు. సొంతంగా నడిపితే గొలుసు త్వరగా అరిగిపోయేది కాబట్టి ట్యాంకులను వీలైనంత దగ్గర వరకు రైల్లోనే చేర్చేవాళ్లు. రైలు వెడల్పుకు పట్టాలంటే పక్క గూళ్లు అడ్డం. మార్క్ 1లో వాటిని విప్పి వేరే బండి మీద తేవాలి, అక్కడికి చేరాక మళ్లీ బిగించాలి. తర్వాతి నమూనా మార్క్ 4లో లోపలికి తోసేసేలా చేశారు. ఈ ఒక్క మార్పు తప్పించిన కూలి పని గురించి పుస్తకాల్లో తక్కువ రాస్తారు.

ఇక తిప్పడం. మార్క్ 1ను నడపడానికి నలుగురు కావాలి. ముందు కుడివైపు డ్రైవర్, ఎడమవైపు బ్రేకులు పట్టుకున్న కమాండర్, వెనక చెరో వైపు ఒక గేరుమనిషి. గట్టిగా తిప్పాలంటే ముందు బండిని ఆపాలి. రెండు ట్రాకులను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌ను లాక్ చేయాలి. ఎటు తిరగాలో అటు వైపు గేరుమనిషి తన గేరును న్యూట్రల్‌కు తెస్తాడు, రెండోవాడు లో గేరులో వేస్తాడు. డ్రైవర్ మొదటి గేరు వేసి క్లచ్ వదులుతాడు, కమాండర్ న్యూట్రల్‌లో ఉన్న వైపు ట్రాక్‌కు బ్రేకు నొక్కుతాడు. బండి అక్కడికక్కడే గింగిరాలు తిరుగుతుంది. తర్వాత మళ్లీ ఆపి, అన్నీ వెనక్కి పెట్టి, లాక్ తీసి సాగాలి. ఇంజను మనుషుల మధ్యే ఉండేది, మాట వినపడదు. అందుకే ఇంజను మూత మీద కొట్టి చేతి సైగలతో చెప్పుకునేవాళ్లు. ఒక్కరు గేరు తప్పితే ఆ నిమిషమంతా బండి శత్రువుకు కదలని గురి. వెనక రెండు చక్రాల తోక పెట్టి సుతారంగా తిప్పాలనుకున్నారు గానీ యుద్ధరంగంలో దాని వల్ల ప్రయోజనం కనిపించక 1916 చివర్లోనే తీసేశారు.

1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్స్‌లోని ఫ్లెర్స్-కూర్సెలెట్ దగ్గర తొలిసారి యుద్ధంలోకి దించాలనుకున్నవి 49. బయలుదేరాల్సిన గీత దాకా చేరినవి 32. మిగతావి దారిలోనే చెడిపోయాయి, లేదా కూరుకుపోయాయి.

బురదలో ఆ విల్లు అడుగే శాపమైంది. గట్టి నేల మీద మధ్య భాగమే ఆని తేలిగ్గా తిరిగే బండి, మెత్తటి నేలలో దిగేకొద్దీ పొడవంతా ఆనుతుంది, తిప్పడం కష్టమవుతుంది, చివరికి పొట్ట నేలకు తగులుతుంది. అప్పుడు గొలుసు తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు. దీనికి మందు ఒక ఓక్ దూలం, ఇనుప పట్టీ తొడిగినది, పైకప్పు మీద రెండు పట్టాలపై మోసేవాళ్లు. ఇద్దరు బయటికి వెళ్లి దూలాన్ని గొలుసులతో రెండు ట్రాకులకూ కట్టాలి. డ్రైవర్ లో గేరులో కదిలిస్తే ట్రాకు దూలాన్ని ముక్కు మీదుగా లాగి పొట్ట కిందికి తెస్తుంది, బండి దాని మీదకెక్కి బయటపడుతుంది. దూలం వెనక నుంచి పైకి తిరిగొచ్చాక కట్లు విప్పాలి. తూటాల మధ్య బయటికి వెళ్లి ఈ పని చేసినవాళ్ల ధైర్యానికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు.

తిప్పడానికి నలుగురు కావాల్సిన బాధ తీరింది తర్వాత వచ్చిన మార్క్ 5లో. 1917 మార్చిలో ఇంగ్లండులోని ఓల్డ్‌బరీలో పెట్రోల్-ఎలక్ట్రిక్, హైడ్రాలిక్, విల్సన్ ఎపిసైక్లిక్ వంటి వేర్వేరు గేరు పద్ధతులు బిగించిన బండ్లను పక్కపక్కనే పరీక్షించారు. ఎలక్ట్రిక్ పద్ధతి బరువెక్కువ. విల్సన్ పద్ధతిలో రెండు లివర్లతో ఒక్క డ్రైవరే ట్యాంకును తిప్పగలిగాడు. దానికి ఇంజనీరు హ్యారీ రికార్డో చేసిన 150 హార్స్‌పవర్ ఇంజను కలిసింది. ఒకటి మాత్రం చెడింది. రేడియేటర్ గాలి పద్ధతి మారి లోపల వేడి, కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని, 1918 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని అమియా దగ్గర సిబ్బంది సొమ్మసిల్లారు. కందకాలు వెడల్పయ్యాయని 6 అడుగులు పొడిగించిన మార్క్ 5 స్టార్ మరో పాఠం: వెడల్పు పెంచకుండా పొడవే పెంచితే గొలుసు పక్కకు జరగదు, బండి తిరగదు.

కెనడా మొదటి ప్రపంచ యుద్ధంలో చక్రాలనే నమ్ముకుంది. 1914లో రేమండ్ బ్రూటినెల్ ఆటోకార్ లారీలకు ఉక్కు తొడిగి, మెషీన్‌గన్లు పెట్టి దళం కట్టాడు. పైకప్పు లేని ఆ బండ్లకు కందకాల యుద్ధంలో పని లేకపోయింది. 1918 మార్చిలో బ్రిటిష్ సేనలు రోడ్ల మీద వెనక్కి తగ్గుతున్నప్పుడు మాత్రం అవి అవసరమైన చోటికి వేగంగా చేరి అడ్డు నిలిచాయి. ఒకటి ఇప్పటికీ ఒట్టావా యుద్ధ మ్యూజియంలో ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో మాత్రం కెనడా గొలుసు దగ్గరికే వచ్చింది. మాంట్రియల్ లోకోమోటివ్ వర్క్స్ 1941లో చేసిన ‘ర్యామ్’ ట్యాంకు అమెరికన్ ఎం3 ట్యాంకు చట్రం మీద కట్టినది, డ్రైవర్ బ్రిటిష్ పద్ధతిలో కుడివైపు. ఫిరంగి ట్యాంకుగా అది యుద్ధం చూడలేదు. టరెట్ తీసేస్తే 11 మంది సైనికులను మోసే ‘కంగారూ’ అనే బండి అయింది. నాకు దీనికన్నా ముఖ్యంగా అనిపించేది కెనడియన్ డ్రై పిన్ ట్రాక్. 1942లో జపాన్ మలయాను పట్టుకోవడంతో రబ్బరు కరువైంది. అమెరికన్ ట్రాకులో దిమ్మెల్లోనూ పిన్నుల చుట్టూ కూడా రబ్బరే. కెనడా ఇంజనీర్లు రబ్బరు లేకుండా, అచ్చుపోసిన ఉక్కు లింకులు, నూనె పెట్టని ఒంటి పిన్నుతో గొలుసు చేశారు. ఉక్కు ఉక్కును ఒరుసుకుంటుంది కాబట్టి అరుగుదల తప్పదు, సాగితే లింకు తీయాల్సిందే. కానీ తేలిక, చవక, చేయడం సులువు. ట్రిటన్ గొలుసుకు ఇది దగ్గరి చుట్టం.

ఫోటోలో ఈ కెనడా గొలుసును గుర్తుపట్టాలంటే ముందు పళ్ల చక్రం చూడండి. అమెరికన్ ట్రాకుకు 13 పళ్లు, దీనికి 17. లింకు పొట్టిది కాబట్టి పళ్లు ఎక్కువ. కెనడాలోనే చేసిన గ్రిజ్లీ ట్యాంకులకూ, తర్వాతి సెక్స్‌టన్ ఫిరంగి బండ్లకూ ఇదే వేశారు. స్వాతంత్ర్యం తర్వాత మన సైన్యం కూడా సెక్స్‌టన్లు వాడింది, కాబట్టి పాత ఫోటో ఏదైనా కంటపడితే ముందు ఆ పళ్లు లెక్కపెట్టండి. లిటిల్ విల్లీ ఇంగ్లండులో బొవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు కాస్త వంగి, గొలుసు లోపలి అంచు చట్రాన్ని ఎక్కడ పట్టుకుంటుందో చూడాలి. వందేళ్లు దాటినా ఆ పట్టు అక్కడే ఉంది.