రెండు క్లబ్బులు, ఒక నల్లబడ్డ సీసా

ఐఈఎల్‌టీఎస్ అయిపోయింది, అడ్మిషన్ లెటర్ వచ్చింది, ఇక డబ్బులే అన్న దగ్గర ఆగిపోయిన వాళ్ల కోసం రాస్తున్నా. నేనూ అక్కడే ఆగిపోయా. హన్మకొండలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, లీడ్స్ యూనివర్సిటీలో నీరు, పారిశుధ్యం మీద ఎమ్మెస్సీ సీటు తెచ్చుకున్నా. నాన్నది పరకాలలో చిన్న దుకాణం, బ్యాంకుకు తాకట్టు పెట్టేంత ఆస్తి లేదు. రోటరీ లాంటి సేవా క్లబ్బులు సాయం చేస్తాయా అని సుబేదారిలో ఒక కన్సల్టెన్సీ ఆయన్ని అడిగితే "క్లబ్బులోళ్లు నోటుబుక్కులు, కుట్టుమిషన్లు పంచుతరు గానీ ఫారిన్ చదువుకు ఎందుకిస్తరమ్మా" అన్నాడు. ఇస్తారు.

రోటరీ క్లబ్బుల నిధులు చూసే రోటరీ ఫౌండేషన్‌ది గ్లోబల్ గ్రాంట్ స్కాలర్‌షిప్ అని ఉంది. గ్రాంటు బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు, మన లెక్కలో పాతిక లక్షల పైమాటే. ఫీజు, వీసా, విమానం టికెట్, అక్కడి ఖర్చులు అన్నీ అందులో పెట్టుకోవచ్చు. డిగ్రీకి ఇవ్వరు, పీజీకీ పరిశోధనకే. శాంతి, వ్యాధుల నివారణ, నీరు-పారిశుధ్యం, తల్లీబిడ్డల ఆరోగ్యం, ప్రాథమిక విద్య, స్థానిక ఆర్థికాభివృద్ధి, పర్యావరణం. మీ కోర్సు ఈ ఏడింటిలో ఒకదాని కిందకు రావాలి, ఎంత మంచి యూనివర్సిటీ అయినా ఈ షరతు తప్పదు. ఇంట్లో ఎవరైనా రోటరీ సభ్యులుంటే వాళ్ల పిల్లలకు, మనవళ్లకు, మనవరాళ్లకు ఇవ్వరు, కాబట్టి "మా తాతకు అక్కడ పలుకుబడి ఉంది" అనేవాళ్లు ముందే ఆగిపోవచ్చు.

అసలు తిరకాసు ఎక్కడంటే, ఒక్క క్లబ్బు ఒప్పుకుంటే సరిపోదు. ఇక్కడిదొకటి, చదవబోయే ఊరి వైపుదొకటి, రెండూ కలిసి అప్లై చేయాలి. క్లబ్బులన్నీ కలిపి రోటరీ జిల్లా అంటారు, అది మన హన్మకొండ జిల్లా లాంటిది కాదు, చాలా పెద్దది. ఆ జిల్లా తన నిధి నుంచి ఎంత పెడితే దానికి ఫౌండేషన్ 80 శాతం కలుపుతుంది. అంటే జిల్లా కమిటీ దగ్గర డబ్బు ఉండాలి, అది మీకే పెట్టాలని వాళ్లకు అనిపించాలి, ఆపైన అక్కడి క్లబ్బుకు కూడా అనిపించాలి. వీటన్నిటికీ ఏడాది పెట్టుకోండి. నేను మూడు నెలల్లో అయిపోతుందనుకుని మేలో మొదలుపెట్టా. జులై 1న రోటరీ సంవత్సరం మారుతుంది, ప్రెసిడెంటూ మారతారు. నేను తిరిగిన క్లబ్బులో కొత్తాయనకు నా ఫైలు సంగతే తెలియదు, పాతాయన "ఇప్పుడు నా చేతిలో ఏం లేదమ్మా" అని టీ తాగించి పంపించారు. మళ్లీ మొదటి నుంచి.

అడ్మిషన్ ఏడాది వాయిదా వేయించుకున్నా. ఆలోగా ఇంటర్వ్యూకు పిలిచారు, అది కూడా చెడగొట్టుకున్నా. మార్కులు చెప్పా, నాన్న కష్టం చెప్పా, చిన్నప్పటి కల అని కూడా అన్నా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. చివర్లో ఒక పెద్దాయన "అన్నీ బాగున్నయ్ బిడ్డా, తిరిగొచ్చి ఎవరి నీళ్లు బాగుచేస్తవ్?" అని అడిగితే నోట మాట రాలేదు. ఆయన అడిగింది నిజానికి దరఖాస్తులోని ప్రశ్నే. చదువు తర్వాత ఏం చేస్తారు అనే చోట నేను "సమాజానికి సేవ" అని రాసి వదిలేశా.

సమాధానం నా గదిలో కిటికీ గట్టు మీదే ఉంది. 2023 జులై వానలకు నయీంనగర్ నాలా పొంగి, హంటర్ రోడ్డు కాలనీలు మునిగి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డ రోజుల్లో నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ ఇంటింటికీ తిరిగి తాగే నీళ్లు పరీక్షకు పట్టుకొచ్చాం. కొళాయి నీళ్లలో మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. కొన్ని ఇళ్లలో అసలు రాలేదు. అవే నీళ్లు పరీక్ష మందు ఉన్న ఇంకో రకం చిన్న సీసాల్లో పోసి గట్టు మీద పెట్టాం. మురుగు కలిసిన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో సీసా నల్లగా మారుతుంది. మొదట నల్లబడింది మేం రోజూ కూర్చుని టీ తాగిన ఇంటి బోరు నీళ్లది. అమ్మ ముక్కు మూసుకుని "ఇవేందే, కుళ్లిన గుడ్ల వాసనొస్తంది, బయట పారెయ్" అని వారం గొడవ. అదేదో టైంపాస్ పని అనుకుని దరఖాస్తులో ఒక్క ముక్క రాయలేదు.

రెండోసారి అదే రాశా. ఏ కాలనీ, ఏ బోరు, ఎన్నిసార్లు చూశాం, కోర్సులో ఏ సబ్జెక్టు దీనికి పనికొస్తుంది, తిరిగొచ్చాక ఎవరితో కలిసి చేస్తా. ఇంటర్వ్యూకి సీసా ఫొటో తీసుకెళ్లా. ఈసారి ప్రశ్నలన్నీ దాని మీదే, నా మార్కులు ఎవరూ అడగలేదు. పేదరికం గురించి నేనూ ఎత్తలేదు. ఫీజు కట్టలేని పిల్లను కాదు, ఒక పనిని చూసి క్లబ్బులు డబ్బు పెడతాయని నాకు అర్థమైంది అక్కడే.

ఇదొక్కటే నమ్ముకోకండి. బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి 20 లక్షల వరకు ఉంది, దానికి కాగితాలు పక్కన సిద్ధం చేసుకోండి. ఏరోస్పేస్‌లో పీహెచ్‌డీ చేసే అమ్మాయిలకు మహిళల కోసం పనిచేసే జోంటా క్లబ్బుల అమీలియా ఇయర్‌హార్ట్ ఫెలోషిప్ 10,000 డాలర్లు ఇస్తుంది. శాంతి, అభివృద్ధి సబ్జెక్టుల వాళ్లు, ఉద్యోగ అనుభవం ఉంటే, రోటరీ పీస్ ఫెలోషిప్ చూడండి, దానికి క్లబ్బుల వెంట ఇంత తిరుగుడు ఉండదు.

పోయిన వారం లీడ్స్ వైపు క్లబ్బు వాళ్లతో వీడియో కాల్ అయింది. వచ్చిన మొదటి నెలలోనే మా మీటింగులో ఇరవై నిమిషాలు మాట్లాడాలి అన్నారు. ఏం మాట్లాడాలని అడిగితే, ఆ నల్ల సీసా సంగతి చెప్పమన్నారు. అమ్మేమో పచ్చడి సీసాలు ప్యాక్ చేస్తూ, ఆ గబ్బు సీసాలు మాత్రం పెట్టెలో పెట్టనీయనని కూర్చుంది.